కూలెంట్‌లో ఉన్నదే కేకులోనూ ఉందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. "కారు రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్‌ని ఐస్‌క్రీముల్లో, కేకుల్లో కలిపేస్తున్నారు" అని ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ గురించి. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు పెట్టి ఈ పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. మందుల కంపెనీలకు వచ్చే ముడిసరుకుల్ని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. గ్లిసరిన్, గ్లైకాల్ డ్రమ్ముల మధ్యే ఉద్యోగమంతా గడిచింది. అందుకని కాస్త ఎక్కువ మాట్లాడితే సర్దుకోండి.

ప్రశ్న: కేకులు ఇంట్లోనే చేస్తుంటాను. ఆ మెసేజ్ చూశాక వెనిలా ఎసెన్స్ సీసా తిప్పి చూస్తే ప్రొపిలీన్ గ్లైకాల్, ఐఎన్‌ఎస్ 1520 (తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) అని ఉంది. నెట్‌లో వెతికితే అది యాంటీఫ్రీజ్ అనే వచ్చింది. ఇన్నాళ్లూ పిల్లలకు విషం పెట్టానా అని ఒకటే టెన్షన్. నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు నిద్రపోండమ్మా. మీరు పిల్లలకు విషం పెట్టలేదు.

ఆ మెసేజ్‌లో మొదటి ముక్క నిజమే. ప్రొపిలీన్ గ్లైకాల్‌ని కొన్ని రకాల యాంటీఫ్రీజ్‌లలో వాడతారు. చలి దేశాల్లో టేకాఫ్‌కు ముందు విమానం రెక్కల మీద మంచు కరగడానికి చల్లే ద్రవాల్లో ఎక్కువగా ఉండేది ఇదే. పాలు, బీరు చల్లబరిచే ఫ్యాక్టరీల్లో పైపుల గుండా తిరిగేదీ ఇదే. ఆ ఫ్యాక్టరీల్లో దీన్నే ఎందుకు ఎంచుకున్నారో మాత్రం మెసేజ్ రాసినవాళ్లు చెప్పరు. పైపుకు చిల్లిపడి నాలుగు చుక్కలు పాలల్లోకి దిగినా ఎవరి ప్రాణం మీదికీ రాకూడదని. తినడానికి పనికొస్తుంది కాబట్టే దాన్ని ఆ పైపుల్లోకి ఎక్కించారు. మెసేజ్ ఈ కథను తలకిందులు చేసి చెబుతోంది.

మామూలు కార్ల కూలెంట్‌లో ఎక్కువగా ఉండేది ఎథిలీన్ గ్లైకాల్. అది వేరే పదార్థం. గ్లైకాల్ అనేది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరిలో ఒకడు హత్య చేస్తే రెండోవాణ్ని జైల్లో వెయ్యరు కదా. కాగితం మీద రెండింటికీ తేడా తక్కువే. ఎథిలీన్ గ్లైకాల్‌లో రెండు కార్బన్లు, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో మూడు. ఒంట్లోకి వెళ్లాక మాత్రం ఎవరి దారి వారిదే. రెండింటినీ మొదట పట్టుకునేది కాలేయంలోని ఒకే ఎంజైము. తాగిన సారాయిని విరగ్గొట్టేదీ అదే. ఎథిలీన్ గ్లైకాల్ దాని చేతిలో పడి కొన్ని మెట్లు దాటి గ్లైకాలిక్ ఆమ్లం అవుతుంది, ఆ తర్వాత కొంత ఆక్సాలిక్ ఆమ్లం అవుతుంది. మొదటిది రక్తంలో ఆమ్లం పెంచేస్తుంది. రెండోది కాల్షియంతో కలిసి స్ఫటికాలై కిడ్నీల్లో పేరుకుంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ అదే ఎంజైము చేతిలో పడితే చివరికి తేలేది లాక్టిక్ ఆమ్లం. గబగబా మెట్లెక్కితే మన కండరాల్లో తయారయ్యేదీ అదే. దాన్ని పైరువేట్‌గా మార్చి ఇంధనంగా వాడుకోవడం శరీరానికి రోజూ ఉన్న పనే. పెద్దవాళ్లలో అయితే మింగినదాంట్లో సగానికి దగ్గరగా అసలు ఏ మార్పూ లేకుండా మూత్రంలో వెళ్లిపోతుంది.

"గడ్డకట్టనివ్వదట" అన్న మాటకే కొందరు హడలిపోతున్నారు. నీళ్లలో ఏది కరిగినా ఆ పని ఎంతోకొంత చేస్తుంది. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లోంచి తీయగానే స్పూన్‌కి లొంగుతోందంటే అందులోని చక్కెర చలవే ఎక్కువ. మంచు దేశాల్లో రోడ్ల మీద చల్లేది ఉప్పు. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో రేడియేటర్లలో గ్లిసరిన్ కూడా పోసేవాళ్లు. మనం తినే ప్రతి నూనె చుక్కలోనూ కొవ్వు ఆమ్లాలను పట్టి ఉంచేది ఆ గ్లిసరినే. ఉత్తర అమెరికా అడవుల్లో ఒక రకం కప్ప చలికాలమంతా గడ్డకట్టిపోయి వసంతంలో మళ్లీ లేచి గెంతుతుంది, కణాల నిండా గ్లూకోజ్ నింపుకుని. మనకు ఎక్కించే గ్లూకోజ్ బాటిల్‌ను "కప్పల యాంటీఫ్రీజ్" అని పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక అసలు అడగాల్సింది ఎంత అన్నది. డబ్ల్యూహెచ్‌ఓ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓల ఉమ్మడి నిపుణుల కమిటీ పెట్టిన పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 25 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో మళ్లీ అంతా తిరగేసి అదే అంకెను ఉంచింది. ఎలుకలకు రెండేళ్లు పెట్టినా హాని కనబడని మోతాదును తీసుకుని, దాన్ని వందతో భాగిస్తే వచ్చిన అంకె అది. 60 కిలోల మనిషికి రోజుకు ఒకటిన్నర గ్రాము, బతికినన్నాళ్లూ ప్రతిరోజూ తిన్నా ఫరవాలేదని అర్థం.

మీ కేకు లెక్క వేద్దాం. సీసాలో ఉన్నదంతా ప్రొపిలీన్ గ్లైకాలే అనుకుందాం, అలా ఉండదనుకోండి. అర టీస్పూన్ పోస్తే సుమారు 2.6 గ్రాములు. కిలో కేకులో అది కలిస్తే వంద గ్రాముల ముక్కలో 260 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లకు రోజు పరిమితి 375. పుట్టినరోజు నాడు మీ పాప రెండు ముక్కలు లాగించి ఆ గీత దాటినా ఏమీ కాదు. అది జీవితకాలపు సగటు కోసం గీసిన గీత. ఆ రోజు ఆ కేకులో నేను లెక్కపెట్టేది చక్కెరనే.

ఎసెన్స్‌లో ఇది ఎందుకంటే, వెనిలిన్ లాంటి సువాసన పదార్థాలు నీళ్లలో సరిగా కరగవు, ఇందులో చక్కగా కరుగుతాయి. ఆల్కహాల్‌లోనూ కరుగుతాయి గానీ అది వద్దనేవాళ్లు చాలామంది.

అలాగని కంపెనీలను వెనకేసుకురావడం నా పని కాదు. అమెరికా నిబంధనల ప్రకారం మిఠాయిల్లోనూ కేకు మీద పూసే ఫ్రాస్టింగుల్లోనూ 24 శాతం దాకా వేసుకోవచ్చు. ఐరోపాలో మామూలు తినుబండారాలకు కిలోకి 3 గ్రాములు, పానీయాల్లో లీటరుకు ఒక గ్రాము దాటకూడదు. నన్నడిగితే ఆ 24 శాతం మరీ ఉదారంగా ఇచ్చేశారు. ఫ్రాస్టింగులో పావువంతు అదే ఉంటే చిన్నపిల్ల ఒక్క పెద్ద చెంచాతో తన రోజు పరిమితికి చాలా రెట్లు తినేస్తుంది. ఆచరణలో అంత ఎవరూ వెయ్యరు, రుచి పాడవుతుంది. అయినా చట్టం అంత వదులుగా ఉండక్కర్లేదు. 2014లో ఫైర్‌బాల్ అనే దాల్చినచెక్క విస్కీని ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో అమ్మకాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అమెరికా కోసం చేసిన సరుకు పొరపాటున ఐరోపాకు వెళ్లింది, అక్కడి పరిమితి దాటింది. "విస్కీలో యాంటీఫ్రీజ్" అన్న హెడ్డింగులు పుట్టింది అప్పుడే. ఇప్పుడు మీ ఫోన్‌కొచ్చిన మెసేజ్ ఆ గుంపులోదే.

నిజంగా జాగ్రత్త పడాల్సినవాళ్లు లేకపోలేదు. నెల నిండని పసికందుల్లో ఆ కాలేయపు ఎంజైము ఇంకా ఎదగదు, కిడ్నీలూ అంతే. అందుకే ఐరోపా మందుల సంస్థ మందుల ద్వారా వాళ్లకు అందే ప్రొపిలీన్ గ్లైకాల్‌ను కిలోకి రోజుకు ఒక్క మిల్లీగ్రాముకే కట్టడి చేయమంది. ఐదేళ్ల లోపు పిల్లలకు 50, ఆ పైన 500. ఒకటికీ అయిదు వందలకీ ఉన్న దూరం చూడండి. మూర్ఛ ఆపడానికి ఇచ్చే లొరజెపామ్ ఇంజెక్షన్‌లో ఇది దాదాపు 80 శాతం ఉంటుంది. ఐసీయూలో ఆ మందును రోజుల తరబడి పెద్ద మోతాదులో ఎక్కించినవాళ్లలో రక్తం ఆమ్లమయమైన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. అది డాక్టర్లు లెక్కపెట్టుకునే సంగతి, మీ వంటింటి సీసాకు సంబంధం లేదు. కొందరికి క్రీములూ లోషన్లలోని ప్రొపిలీన్ గ్లైకాల్ చర్మానికి పడదు, దద్దుర్లొస్తాయి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే చర్మ డాక్టరుకు ఒకసారి చూపించండి.

ప్రశ్న: కూలెంట్ల తయారీ గురించి చదువుతుంటే అందులో సోడియం బెంజోయేట్, డైపొటాషియం ఫాస్ఫేట్, సోడియం నైట్రైట్ కూడా కలుపుతారని తెలిసింది. మొదటిది సాస్ సీసా మీద, రెండోది కాఫీలో కలిపే క్రీమర్ పొడి మీద, మూడోది నిల్వ మాంసం ప్యాకెట్ మీద కనిపించాయి. ఇంజన్‌కి తుప్పు పట్టకుండా ఆపేవి మన కడుపులో ఏం చేస్తాయి?
— ఒక కెమిస్ట్రీ విద్యార్థి

జవాబు: లేబుళ్లు చదివే అలవాటు మానకండి. మా ల్యాబ్‌లో ఉండుంటే మీకు పని చాలా దొరికేది.

ఫాస్ఫేట్ రెండు చోట్లా చేసేది ఒకే పని, ఆమ్ల క్షారాల తూకం చెదరకుండా పట్టుకోవడం. రేడియేటర్‌లో అలా ఉంటే లోహం తినేయదు, వేడి కాఫీలో అలా ఉంటే క్రీమర్ విరిగి ముద్దలు కట్టదు. ఫాస్ఫరస్ ఎముకలకూ కణాలకూ అవసరమే. ఇబ్బంది కిడ్నీ జబ్బున్నవాళ్లకు. పప్పులు, గింజల్లోని ఫాస్ఫరస్ కొంతే ఒంటికి పడుతుంది, ఇలా ఉప్పుగా కలిపినది చాలావరకు రక్తంలోకి ఎక్కేస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ప్యాకెట్ల మీద ఫాస్ఫేట్ అన్న పేరు ఎక్కడ కనిపించినా ఆగి చూడాలి.

బెంజోయేట్ తిండిలో చేసే పని వేరు. పుల్లటి పదార్థాల్లో బెంజోయిక్ ఆమ్లంగా మారి ఈస్టు, బూజుల కణాల్లోకి దూరి వాటిని పెరగనివ్వదు. మన కాలేయం దాన్ని గ్లైసిన్‌తో జతచేసి హిప్పురిక్ ఆమ్లంగా మూత్రంలోకి పంపేస్తుంది. దీని పరిమితి మీద పెద్దల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఐరోపా సంస్థ 2016లో కిలోకి 5 మిల్లీగ్రాములంది, డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్‌ఏఓ కమిటీ 2021లో 20 దాకా పెంచింది. కూల్‌డ్రింకులు బాగా తాగే పిల్లలు తక్కువ పరిమితిని దాటే అవకాశం ఉంది. ఇంకో తిరకాసు, బెంజోయేట్, విటమిన్ సి ఒకే సీసాలో ఉండి ఎండకో వేడికో నిల్వ ఉంటే బెంజీన్ పుడుతుంది. అది క్యాన్సర్ కారకం. పుట్టేది బిలియన్‌లో కొన్ని వంతులే అయినా, ఆ జంటను విడదీయమని తయారీదారులకు చెప్పింది అందుకే. ఎండలో రోజంతా ఉన్న కారులో వదిలేసిన డ్రింక్ సీసా నేనైతే తాగను.

ఈ మూడింటిలో నేను నిజంగా భయపడేది సోడియం నైట్రైట్‌కి. చూడటానికి అచ్చం ఉప్పే. మాంసంలో చాలా కొద్దిగా వేస్తే బొటులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతకమైన క్రిమివిషం తయారుకాదు, గులాబీ రంగూ నిలుస్తుంది. ఉప్పనుకుని కూరలో వేస్తే మాత్రం రక్తం ఆక్సిజన్ మోయలేదు, మనిషి నీలిరంగుకు తిరుగుతాడు. అలాంటి ప్రమాదాలు జరిగాయి కాబట్టే మాంసం నిల్వకు అమ్మే మిశ్రమానికి గులాబీ రంగు అద్దుతారు. రోజు పరిమితి కిలోకి 0.07 మిల్లీగ్రాములు మాత్రమే. ప్రొపిలీన్ గ్లైకాల్‌కి 25 అని పైన చెప్పాను, పక్కపక్కన పెట్టి చూడండి. ఈ నైట్రైట్ గురించి మాత్రం నాకు ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదు.

ప్రశ్న: నేను బండ్లు రిపేరు చేస్తాను. ఇప్పుడు కొన్ని కూలెంట్ డబ్బాల మీద "విషం కానిది" అని రాస్తున్నారు. పాత కూలెంట్ తీసేటప్పుడు నోటితో పైపు లాగడం మాకు అలవాటు. ఈ రకంతో అయితే భయం లేదా?
— ఒక మెకానిక్

జవాబు: ఆ అలవాటు ఇవాళే మానేయండి బాబూ. చేత్తో నొక్కే సైఫన్ పంపు వాడండి.

"విషం కానిది" అంటే లోపల ఉన్న గ్లైకాల్ ప్రొపిలీన్ రకం అని మాత్రమే. అందులో తుప్పు ఆపే రసాయనాలు, రంగులు వేరేగా ఉంటాయి, అవి తినడానికి తయారైనవి కావు. ఇంజన్‌లో కొన్నేళ్లు తిరిగిన పాత కూలెంట్‌లో లోహాలు కూడా కరిగి ఉంటాయి, పాత రేడియేటర్ల అతుకుల్లోని సీసం సహా. పైగా ఆ బండిలో ఇంతకు ముందు ఎవరు ఏ రకం పోశారో మీకు తెలియదు. రంగును బట్టి చెప్పొచ్చనుకుంటారు. పచ్చ, ఎరుపు, నీలం అన్నీ కంపెనీ ఇష్టం.

ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అదే దాని దుర్మార్గం. పిల్లలు, కుక్కలు ఆపకుండా తాగేది అందుకే. కొన్ని చోట్ల డెనటోనియం అనే చేదు పదార్థం కలపాలని చట్టం ఉంది, అన్ని చోట్లా లేదు. కూలెంట్‌ను నీళ్ల సీసాలో, డ్రింకు సీసాలో పోసి పెట్టడం ఎక్కడ చూసినా నాకు ఒళ్లు మండుతుంది. దాని డబ్బాలోనే ఉంచండి, మూత బిగించండి, నేల మీద ఒలికితే వెంటనే తుడిచి కడిగేయండి.

ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం చూడొద్దు. మొదటి కొన్ని గంటలు తాగినవాడిలా తూలుతారు, అంతే. తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించవచ్చు, ఇంట్లోవాళ్లు "తగ్గిపోయింది" అనుకుంటారు. లోపల ఆమ్లాలు తయారవుతున్నది అప్పుడే. ఆ తర్వాత గుండె, ఊపిరితిత్తులు, ఒకటి రెండు రోజుల్లో కిడ్నీలు. వాంతి చేయించకుండా, డబ్బా కూడా చేతపట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది. పైన చెప్పానే కాలేయపు ఎంజైము, ఈ మందు దాన్ని కట్టేస్తుంది. ఎంజైము పనిచేయకపోతే గ్లైకాల్ విషంగా మారకుండానే మెల్లగా బయటికి పోతుంది, అవసరమైతే డయాలసిస్‌తో లాగేస్తారు. ఆ మందు లేని చోట డాక్టర్లు కొలిచి ఆల్కహాల్ ఎక్కిస్తారు. ఇది విని ఇంట్లో సారాయి పట్టించే ప్రయత్నం మాత్రం చేయకండి.

ప్రశ్న: దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన వార్తల్లో "యాంటీఫ్రీజ్‌లో వాడే రసాయనం" అని రాస్తున్నారు. మా పాప మందు సీసా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉంది. రెండూ ఒకటేనా? కాకపోతే అంతమంది పిల్లలు ఎలా పోతున్నారు?
— ఒక తండ్రి

జవాబు: ఒకటి కాదు. కానీ కేకుల ప్రశ్నకు చెప్పినట్టు "నిద్రపోండి" అని మీకు చెప్పలేను.

ఆ పిల్లల్ని చంపింది డైఎథిలీన్ గ్లైకాల్, కొన్నిసార్లు దానితోపాటు ఎథిలీన్ గ్లైకాల్. డైఎథిలీన్ గ్లైకాల్ ఒంట్లో డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీ కణాలను చంపుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆ తర్వాత మూత్రం ఆగిపోవడం, ఆపైన నరాలు చచ్చుబడటం. ఇది ఏ మందు సీసా మీదా రాసి ఉండదు, ఎందుకంటే అది అక్కడ ఉండకూడనిది. సీసా మీద రాసినదాని వల్ల మీ పాపకు ప్రమాదం లేదు, ఆ పేరుతో వచ్చిన డ్రమ్ములో నిజంగా అదే ఉందా అన్నది అసలు ప్రశ్న.

ఈ కథ 1937లో అమెరికాలో మొదలైంది. సల్ఫనిలమైడ్ అనే మందును పిల్లలు కూడా తాగేలా ద్రవంగా చేద్దామని ఒక కంపెనీ దాన్ని డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది. రాస్ప్‌బెర్రీ రుచి కలిపారు. రుచి చూశారు, వాసన చూశారు, రంగు చూశారు. విషమా కాదా అని మాత్రం చూడలేదు, అప్పటి చట్టం చూడమనలేదు. చేసింది 240 గ్యాలన్లు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఇల్లిల్లూ తిరిగి 234 గ్యాలన్లు వెనక్కి పట్టుకున్నారు. మిగిలిన ఆ కాస్తకే వందమందికి పైగా పోయారు, అందులో మూడో వంతు దాకా పిల్లలు. ఇంత జరిగినా కేసు పెట్టడానికి దొరికిన కారణం ఏంటో తెలుసా? ఆల్కహాల్ లేకుండా "ఎలిక్సిర్" (ఆల్కహాల్ కలిపిన ద్రవ మందు) అని పేరు పెట్టడం. మరుసటి ఏడాది, 1938లో, అమ్మే ముందు మందు సురక్షితమని చూపించాలన్న చట్టం వచ్చింది.

అది తెలియక జరిగింది అనుకుందాం. తర్వాతవన్నీ తెలిసిన విషమే. 1986లో ముంబైలోని జేజే ఆసుపత్రిలో గ్లిసరిన్‌లో ఇది కలిసి 14 మంది రోగులు పోయారు, విచారణకు లెంటిన్ కమిషన్ వేశారు. 1996లో హైతీలో 80 మందికి పైగా పిల్లలు. 2006లో పనామాలో, చైనాలో బయలుదేరి స్పెయిన్ మీదుగా వచ్చిన డ్రమ్ముల్లో 99.5 శాతం గ్లిసరిన్ అని కాగితాల్లో ఉంది, లోపల లేదు. 2022లో గాంబియాలో 70 మంది దాకా పిల్లలు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లల్ని బలిగొన్న దగ్గు మందులో పరీక్షిస్తే డైఎథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. అనుమతించే హద్దు 0.1 శాతం.

ఆ 48.6 చూసిన రోజు మా పాత సహోద్యోగులందరం ఫోన్లు చేసుకున్నాం. ఎందుకంటే అది శుభ్రత లోపం వల్ల వచ్చే అంకె కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్ తయారయ్యేది ప్రొపిలీన్ ఆక్సైడ్ నుంచి, దాని వెంట పక్కసరుకుగా పుట్టేది డైప్రొపిలీన్ గ్లైకాల్. డైఎథిలీన్ గ్లైకాల్ పుట్టేది ఎథిలీన్ గ్లైకాల్ ఫ్యాక్టరీల్లో. అంటే ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ములోకి అది తనంతట తాను రాదు. సీసాలో సగం అదే ఉందంటే, మందుకు పనికిరాని సరుకు మందులోకి చేరింది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు.

పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. సరుకు రాగానే ప్రతి డ్రమ్ముకూ పసుపు లేబుల్, క్వారంటైన్ అని. అమ్మినవాడు పంపిన సర్టిఫికెట్‌ను ఫైల్లో పెడతాం, నమ్మం. ప్రతి డ్రమ్ములోంచీ శాంపిల్ తీయాలి, పదిలో ఒకటి చాలదు, ఎందుకంటే కల్తీ చేసేవాడు అన్ని డ్రమ్ముల్లోనూ చేయడు. ఇవన్నీ రంగు లేని, వాసన లేని, తియ్యటి చిక్కటి ద్రవాలు. కంటికీ ముక్కుకీ ఏమీ తెలియదు. సాంద్రత కొలిస్తే మొత్తం సరుకు మారిపోయి ఉంటే తెలుస్తుంది, అర శాతం కల్తీ తెలియదు. అందుకే గ్యాస్ క్రొమటోగ్రఫీ. మిషన్‌లోకి ఎక్కిస్తే ఒక్కో గ్లైకాల్ ఒక్కో సమయానికి బయటికొచ్చి గ్రాఫ్ మీద తన శిఖరం తాను గీసుకుంటుంది. అన్నీ సరిపోతే ఆకుపచ్చ లేబుల్, లేదంటే ఎరుపు. అంతే పని. మధ్యలో కొనుగోలు విభాగం నుంచి ఫోన్లు: "మేడమ్, బ్యాచ్ ఆగిపోయింది, సర్టిఫికెట్ ఉంది కదా, వదిలేయండి." ఆ ఫోన్‌కి లొంగని మనిషి, పనిచేసే మిషన్ ఉన్న చోట ఈ చావులు జరగవు. లొంగితే ఆ బ్యాచ్ తాగే పిల్లలకు వేరే కాపలా ఏదీ లేదు. ఆ తర్వాత ఎన్ని కమిషన్లు వేసినా లాభం లేదు.

మీరు ఇంట్లో చేయగలిగిన పరీక్ష లేదు. చేయగలిగినది, అనవసరంగా సిరప్ వాడకపోవడం. మామూలు జలుబు దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ కూడా రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు సాధారణంగా అక్కర్లేదని చెప్పింది. డాక్టరు రాయకుండా, పోయినసారి మిగిలిన సీసాలోంచి పోసే పని పెట్టుకోకండి. ఏ సిరప్ మొదలుపెట్టాకైనా వాంతులు, మగత, ముఖ్యంగా మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే మందు ఆపి, సీసా తీసుకుని అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. సీసా పారేయకండి. దానిమీద ఉన్న బ్యాచ్ నంబరు ఇంకో పది మంది పిల్లలకు పనికొస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉన్నాయి. కుక్కకు తెచ్చే మెత్తటి తిండి ముక్కల ప్యాకెట్ మీద ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంది. పిల్లి కూడా అదే తినేస్తోంది. ఫరవాలేదా?
— ఒక పాఠకుడు

జవాబు: కుక్కకు ఫరవాలేదు. పిల్లికి పెట్టకండి. పిల్లుల హిమోగ్లోబిన్ చాలా సున్నితం, ప్రొపిలీన్ గ్లైకాల్ తరచూ తింటే ఎర్ర రక్తకణాల్లో హైంజ్ బాడీలనే ముద్దలు ఏర్పడి కణాలు త్వరగా నశిస్తాయి. అందుకే అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ 1996లో పిల్లుల తిండిలో దీన్ని నిషేధించింది, కుక్కల తిండిలో ఉంచింది. మనుషులకు మంచిదని తేలినది పిల్లికీ మంచిదే అనుకోవడం కుదరదు. గిన్నెలు వేరు చేసి, కుక్క తినేదాకా పిల్లిని వేరే గదిలో ఉంచండి.

కారు కింద కూలెంట్ కారితే అది రెండింటికీ ప్రమాదమే, పిల్లికి ఇంకా ఎక్కువ. పాదాలకు అంటినది నాక్కున్నా చాలు. విరుగుడు కుక్కకు కొన్ని గంటలు ఆలస్యమైనా పనిచేయవచ్చు, పిల్లికి మొదటి మూడు గంటల్లో పడాలి. తొక్కిందని అనుమానం ఉంటే పాదాలు కడిగి, నేరుగా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.